యంత్రం కూనిరాగం

ఇంగ్లండులో ఒక విశ్వవిద్యాలయం, 1950. గది నిండా పరుచుకున్న కొత్త లెక్కల యంత్రం పనిచేస్తున్నంతసేపూ, దానికి వైరుతో కలిపిన గోడమీది స్పీకరు లెక్కలో ఒక్కో మెట్టుకీ మోగుతూనే ఉంటుంది. కింద కటింగ్ ప్లయరుతో మెకానిక్కు, కాగితపు టేపు మీద లెక్కని చిల్లులుగా పొడిచే అమ్మాయి ఉన్నారు.

"ఈ రొద ఇంక నావల్ల కాదు. స్పీకరు వైరు కత్తిరించేస్తున్నా."

"ఒక్క నిమిషం ఆగండి సార్. యంత్రం లెక్కలో ఇరుక్కుపోయింది."

"నీకెలా తెలుసు?"

"రాగం మారట్లేదు. చేసిందే మళ్ళీ మళ్ళీ చేస్తోంది. నిన్న ఇలాంటి లెక్కకే రాగం మెల్లగా పైకెక్కింది."

"చిల్లులు పొడవమంటే కచేరీ వింటున్నావా? నాలుగింటికి ప్రొఫెసర్‌గారు జవాబు కోసం వస్తారు."

"అందుకే టేపు ఒకసారి చూడండి."

"ఏదీ... పదకొండో వరసలో ఒక చిల్లు ఎక్కువుంది. పొడిచింది నువ్వేగా?"

"నేనే. కాబట్టే చెవులు రిక్కించుకుని కూచున్నా."

"సరే, ఆ చిల్లు మూసేశాను. మళ్ళీ నడుపు."

"వింటున్నారా సార్? ఎక్కుతోంది."

"ఊఁ, ఎక్కుతోంది. అమ్మాయ్, రేపట్నుంచి చిల్లులు ఇంకెవరైనా పొడుస్తార్లే. నువ్వు యంత్రం దగ్గర కూచో."

"మరి ఆ వైరు?"

"శబ్దం ఇంకాస్త పెంచమంటావా?"