రెండో సిరంజి

పిడికిలి వదలండి సార్. మీరిలా బిగబట్టుకుంటే నరం కూడా భయపడి లోపలికి పోతుంది. ఆఁ, అలా. అయినా ఇదేం విడ్డూరమండీ! శుక్రవారం నా చేతికి మెమో ఇచ్చారు, సోమవారం మీ చెయ్యే నా చేతికిచ్చారు!

నవ్వకండి, నిజమే కదా. పెద్ద సర్జన్ గారు, ఈ ఆసుపత్రికే పెద్ద దిక్కు. హెర్నియా ఆపరేషన్‌కి మీకు మత్తు ఎవరివ్వాలని అడిగితే, "ఆవిడే ఇవ్వాలి" అన్నారట. ఆవిడంటే నేనే. నత్త మేడం! మీరు పెట్టిన పేరే లెండి. నాకు తెలీదనుకున్నారా? సిస్టర్లు నా ముందు అనేసి నాలిక్కరుచుకుంటుంటారు.

మరి మన తుపాకీ డాక్టరు ఏమయ్యాడు? రోజుకి పది కేసులకి మత్తిస్తాడు, చూసి నేర్చుకోమని అందరి ముందూ అన్నారే! తన దాకా వస్తే గానీ తెలీదంటారు, ఇందుకే.

మెమోలో సామెత కూడా రాయించారు, ఆలస్యం అమృతం విషం అని. ప్రతి కేసుకీ ఇంతసేపు ఎందుకవుతోందో సంజాయిషీ రాయాలి, క్షమాపణ కోరాలి. లేకపోతే ఇవాళ సాయంత్రం నుంచి నేను ఆపరేషన్ థియేటర్ గడప తొక్కకూడదు. అంతేగా? సరే. రాశాను. ఎవరికి రాశానో కూడా చెప్తా, కాస్త ఓపిక పట్టండి.

ఇది చూడండి, మిమ్మల్ని పడుకోబెట్టబోయే ప్రొపోఫాల్. ముప్పై ఏళ్ళ నుంచీ చూస్తూనే ఉన్నారు, కానీ మీరు కోసే వైపు, తెర అవతల నుంచి. పాలలా తెల్లగా ఎంత సాధువుగా కనిపిస్తుందో! చేతి నరంలో వెయ్యగానే తిన్నగా మెదడుకి పోతుందనుకుంటారు అందరూ. పోదండీ. ముందు గుండెకి, అక్కణ్ణించి ఊపిరితిత్తులకి, మళ్ళీ గుండెకి, అప్పుడు గానీ తలకెక్కదు. పాతికేళ్ళ కుర్రాడికి అరనిమిషం. మీకో? మీ గుండె సగం బలంతో కొట్టుకుంటోంది. రిపోర్టు నిన్న రెండుసార్లు చదివాను. మీకు నిమిషన్నర పట్టొచ్చు, రెండు నిమిషాలూ పట్టొచ్చు.

ఆ రెండు నిమిషాలూ పేషెంటు కళ్ళు తెరుచుకునే ఉంటాడు. అడిగితే పలుకుతాడు. మందు పని చెయ్యక కాదు, ఇంకా దారిలో ఉంది గనక. కానీ తెర అవతల వాళ్ళకి ఆ మాట ఎవరు చెప్పాలి? "ఇంకా పడుకోలేదా? ఏం చేస్తున్నారక్కడ?" అని ఒక్క కేక! ఆ కేకకి ఇవతల చెయ్యి ఇంకో సిరంజి తోసేస్తుంది. అప్పుడు మొదటిదీ రెండోదీ కలిసి దిగుతాయి. ఊపిరి ఆగిపోతే గొట్టం వేసి మనం ఊదగలం. బీపీ పాతాళానికి పోయి, ఆ నీరసపు గుండె కాస్తా ఆగిపోతే?

లేదు లేదు, ఆ చిన్న సిరంజి మిడజోలం. మీకింకా ఇవ్వలేదు. సిస్టర్ ఇవ్వబోతే నేనే ఆపి, బయటికి పంపాను. అది ఒంట్లోకి వెళ్ళాక మీరు నాతో చక్కగా మాట్లాడతారు, ఊఁ కూడా కొడతారు. రేపటికి ఒక్క ముక్క గుర్తుండదు. ఇప్పుడు నేను చెప్పేది మీకు గుర్తుండాలి.

తొమ్మిదేళ్ళయింది సార్. తుంటి విరిగిన ముసలాయన. రిటైరైన బస్సు డ్రైవరు.

గుర్తు లేదా! అయితే మీకు మిడజోలం అక్కర్లేదన్నమాట.

నాకుంది. "అమ్మా, చెవి మిషన్ తియ్యకు, నువ్వు లేపితే నాకు వినపడద్దూ?" అన్నాడు. సరే తాతా, ఉండనీ అన్నాను. పళ్ళసెట్టు మాత్రం తీసి, డబ్బాలో పెట్టి, బయట కూర్చున్న కూతురికిచ్చాను. టైలరింగ్ షాపు నడుపుతుంది ఆ అమ్మాయి. మెడలో టేపు కూడా తియ్యకుండా పరిగెత్తుకొచ్చింది.

ఆయనకి నలభై మిల్లీగ్రాములు ఇచ్చాను. అంతే చాలు ఆ ఒంటికి. ఆగాను. ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు, ఏదో రూటు గురించి. మీరు కేకేశారు. ఇంకా మూడు కేసులున్నాయన్నారు. చేతకాకపోతే చెప్పు, ఇంకొకర్ని పిలుస్తానన్నారు.

నేను రెండో సిరంజి తోశాను.

అవును, నేనే! మీరు తొయ్యలేదు. మీది నోరు, నాది చెయ్యి. చేతకాదంటే పరువు పోతుందని, నాకు తెలిసిన చదువంతా పక్కన పెట్టి తోశాను. ముప్పావుగంట ఛాతీ నొక్కాం. చెవి మిషన్ కింద పడి కుయ్యిమంటూనే ఉంది, ఎవరూ తియ్యలేదు.

తరవాత మీరు భుజం తట్టారు. "గుండె బలహీనం అని రాసేయ్" అన్నారు. అబద్ధం కాదుగా, బలహీనమే! రాసేశాను. ఆ అమ్మాయి నా రెండు చేతులూ పట్టుకుని, మీరు చెయ్యగలిగినంతా చేశారు మేడం అని దణ్ణం పెట్టింది. ఛీ, ఆ దణ్ణం!

ఆ రోజు నుంచీ నేను నత్తనే. మీరెంత అరిచినా, ఎవరెంత వెక్కిరించినా.

ఇదంతా బయటపెట్టడం మా ఆయన వద్దే వద్దన్నాడు. మానిన పుండు ఎందుకు గోక్కుంటావు, ఉద్యోగం పోతుంది, లైసెన్సు పోతుంది అన్నాడు. ఎవరికి మానింది? ఆ అమ్మాయికి మానిందని ఎవరు చెప్పారు?

అదండీ, మీరడిగిన సంజాయిషీ. ఇంతసేపు ఎందుకు పడుతుందో రాయమన్నారుగా, శనివారం రాయడానికి కూర్చున్నాను. రాయగా రాయగా అది మీకు రాయాల్సింది కాదని తెలిసింది. ఆ ముసలాయన పాత కేస్‌షీట్‌లో కూతురి అడ్రసుంది. ఇవాళ పొద్దున వస్తూ రిజిస్టర్డ్ పోస్టు చేసేశాను. నా పేరుంది. మీ పేరూ ఉంది. ఏ మందు ఎంత, ఎన్ని సెకన్ల తేడాతో ఇచ్చానో అంతా ఉంది. కేసు పెడుతుందో, వచ్చి మొహాన ఉమ్మేస్తుందో, ఆ అమ్మాయి ఇష్టం. మీకు మాత్రం క్షమాపణ రాయను. ఏం చేసుకుంటారో చేసుకోండి.

ఏంటా చూపు? నా చేతి మీద అనుమానమొచ్చిందా? నాకు మీ మీద కోపం కొండంత ఉంది సార్. మందు మాత్రం మీ గుండెకి ఎంత కావాలో అంతే పడుతుంది, చుక్కలెక్కన. ఈ ఉత్తరం మాట చెప్పకుండా మిమ్మల్ని పడుకోబెడితే అది మోసం. ఇంకెవరైనా కావాలంటే ఇప్పుడే చెప్పండి, పిలుస్తాను.

వద్దా? గట్టిగా చెప్పండి. సరే.

బీపీ నూట ఎనభై చూపిస్తోంది, నా పుణ్యమే. అది దిగేదాకా నేను ఏ మందూ ముట్టుకోను. అరగంటైనా సరే.

అదుగో, మిమ్మల్ని కొయ్యబోయే ఆయన చేతులు కడుక్కుని తలుపు దగ్గర నిలబడ్డాడు. ఇంకా ఎంతసేపు మేడం అంటున్నాడు.

మీరే చెప్పండి సార్.