ఉల్‌జాన్ సబీరోవ్నా చేతి రెక్కలు

1987 సెప్టెంబరు మూడవ తేదీన శ్రీమతి ఉల్‌జాన్ సబీరోవ్నా గారు కరగందా నగరంలోని నమూనా విమానాల కార్యశాలలో సహాయకురాలిగా చేరారు. ఆనాడు రెక్కలన్నీ కర్రవే. గాలి ముదిరిన రోజున విరిగిన రెక్కలను సంచుల్లో నింపుకొని మైదానం నుంచి తిరిగి రావడం అందరికీ అలవాటే.

తొంభైల ఆరంభంలో కార్బన్ ఫైబర్ వచ్చినప్పుడు, ఆ నల్లని బట్టను చూసి పెద్దలు సందేహిస్తుండగా, దానిని తొలిసారి అచ్చులో పరచి, రెసిన్ జిగురు పట్టించి, అదనపు తడిని అద్ది తీసి, గాలి లాగేసిన సంచిలో బిగించి, వేడికి గట్టిపరచిన ఘనత ఆమెదే. ఆమె మలచిన రెక్కను అరచేతిలో పెడితే బరువు తెలిసేది కాదు; మెలిపెడితే లొంగేది కాదు.

కార్యశాలకు ఓవెన్ లేని ఆ రోజుల్లో విమానాల తోక గొట్టాలు ఆమె వంటింటి ఓవెన్‌లోనే కాలి గట్టిపడేవి. ఒకనాడు రొట్టె కోసం ఓవెన్ తెరచిన అత్తగారు కెవ్వుమన్నారు.

"ఏమే అమ్మాయ్, ఇందులో ఈ నల్లపాములేంటే?"

"పాములు కాదత్తయ్యా, తోకలు. తలుపు మూసెయ్యండి, వేడి పోతుంది."

"అయితే నా కొడుక్కి ఇవాళ తోకలే వడ్డించు!"

ఏడాది తిరిగేసరికి ఓవెన్ పక్కన పీట వేసుకొని "మంట తగ్గించనా?" అని అడిగింది కూడా ఆ అత్తగారే.

ఉల్‌జాన్ గారు రెక్కలు చేయడమే కాదు, ఇంజను లేని గ్లైడరును దారంతో పైకి లాగి వదలడంలోనూ దిట్ట. 1999లో ఎంపిక పోటీలో కార్యశాలలోని తన యువ సహచరుడు నుర్తాస్‌ను ఓడించి, అతనితోపాటు ప్రపంచ పోటీలకు జట్టులో స్థానం సంపాదించారు. ప్రయాణం దగ్గరపడగా నుర్తాస్ గ్లైడరు రెక్క విరిగింది. కార్యశాల అప్పటి అధిపతి హెర్మన్ పావ్లోవిచ్ గారు ఆమె బల్ల వద్దకు వచ్చారు.

"ఉల్యా, నువ్వు తప్ప ఇది చేసేవాళ్లు లేరమ్మా."

"వాడి రెక్క చేస్తూ కూర్చుంటే నా విమానం నేనెప్పుడు ఎగరేసి చూసుకోను?"

"ఇద్దరూ అరకొరగా వెళ్తే ఇద్దరూ ఓడతారు. వాడికైతే గెలిచే అవకాశం ఉంది."

"నాకు లేదా?"

ఆయన విరిగిన రెక్కను ఆమె ముందుకు జరిపారు. ఆమె చేతులకు తొడుగులు వేసుకొని అచ్చు తీశారు. జట్టు ఆమె లేకుండానే వెళ్లింది.

కంచు పతకంతో తిరిగి వచ్చిన నుర్తాస్ దానిని ఆమె బల్ల మీద పెట్టాడు. "అక్కా, ఇది నీదే."

"నాదైతే నేనే తెచ్చుకునేదాన్ని కదరా. తీసెయ్, రెసిన్ అంటుకుంటుంది."

ఆ తరువాత ప్రతి పోటీకీ ఎవరిదో ఒక రెక్క ఆమె కోసం ఎదురుచూసింది. ఆమె స్థానం మాత్రం మరొకరికి పోయింది. ఇలాంటి అభినందన సంచికలో విచారానికి చోటు లేదంటారు. కానీ దీనిని దాచిపెట్టి ఆమెను పొగడడం న్యాయం కాదు.

రెసిన్ పడక చేతులనిండా దద్దుర్లు లేవడంతో, ఇక దానిని ముట్టరాదని వైద్యులు ఖండితంగా చెప్పిన కారణంగా, ఆమె అనుకున్నదానికన్నా ముందే పదవీ విరమణ చేస్తున్నారు. గత ఆదివారం, నేటి అధిపతి అయిన నుర్తాస్ గారు ఆమెను మైదానానికి తీసుకువెళ్లి దారం చేతికిచ్చారు.

"నా మోకాళ్లు చూశావురా?"

"చూశానక్కా. పరుగెత్తు."

ఆమె పరుగెత్తారు. గడ్డి మీద నుంచి పైకి లేచే వెచ్చని గాలి తగలగానే దారం వదిలారు. గ్లైడరు వలయాలు తిరుగుతూ చాలాసేపు పైకే పోయి, చివరకు దూరాన దిగింది. తెస్తామని కదిలిన వారిని ఆపి, ఆమె ఒంటరిగా నడిచి వెళ్లి తెచ్చుకున్నారు. తిరిగి వచ్చేసరికి కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"ఎలా ఉందక్కా?"

"బాగుంది. అప్పుడే వెళ్లి ఉండాల్సిందిరా నేను."

నుర్తాస్ గారు తల దించుకున్నారు.

ఆ చేతులు త్వరగా నెమ్మదించాలనీ, ఆమె సంపూర్ణారోగ్యంతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలనీ, గాలి అనుకూలించిన ప్రతి ఆదివారమూ మైదానానికి వచ్చి, ఇంకెవరి కోసమూ కాక తన కోసమే ఎగరేసుకోవాలనీ కార్యశాల యావత్తూ మనసారా కోరుకుంటోంది.