తెలుగు వచ్చిన కంప్యూటర్

కృత్తివెన్నులో రొయ్యల చెరువుల రైతు సత్తిబాబు ఇల్లు. 2007 మే నెల, మధ్యాహ్నం మూడు దాటింది. ముందు గదిలో కంప్యూటర్ దగ్గర సత్తిబాబు, ఆయన భార్య కనకదుర్గ, గుడివాడలో ఇంజనీరింగ్ చదువుతూ సెలవులకి వచ్చిన కూతురు పూర్ణిమ.

“తియ్యి. ఇప్పుడే తియ్యి. నాలుగింటికల్లా ఇందులో పాతదే ఉండాలి.”

“తియ్యడమంటే గోడకున్న మేకు పీకడం కాదు నాన్నా. మూడు గంటలు పడుతుంది.”

“పెట్టేటప్పుడు పట్టలేదే మూడు గంటలు? నేను చెరువు మీదకి వెళ్ళడం చూసి పెట్టేశావుగా!”

“దొంగతనంగా ఏం పెట్టలేదు. అమ్మనడుగు. నిన్న మధ్యాహ్నం అమ్మ ఇక్కడే ఉంది.”

“ఏమే కనకదుర్గా, నీకు తెలుసా?”

“ఏదో సీడీ పెడుతోందనుకున్నానండీ. వైరస్ పోతుందంటే సరేనన్నాను.”

“సరేనంటావా? నన్నడగక్కర్లేదా?”

“నిన్నడిగితే ఏమంటావో తెలుసులే నాన్నా. బందరు నుంచి ఆ షాపతను పదిరోజులకోసారి వచ్చి, దొంగ సీడీతో మళ్ళీ విండోసే వేసి పోతున్నాడు. మళ్ళీ వైరస్. మళ్ళీ అతనే. ఇది లినక్స్. వైరస్ గోలుండదు. మా కాలేజీలో అందరం ఇదే వాడుతున్నాం. సీడీ కూడా ఊరికే పోస్టులో వచ్చింది.”

“ఊరికే వచ్చిందని నా ఇంట్లో పెడతావా? ఊరికే ఇస్తే రేపు పాముని కూడా తెస్తావు.”

“అబ్బా, నాన్నా!”

“అసలీ రంగేంటే? పొద్దస్తమానం బురదలో ఉండి ఇంటికొస్తే ఇక్కడా బురద రంగేనా?”

“రంగు మార్చేస్తాను. నీకే రంగు కావాలో చెప్పు.”

“రంగు కాదే నాక్కావలసింది! కింద మూలన పచ్చ బొత్తాం ఉండేది. అది నొక్కితే రెండో వరసలో పేకముక్కలు. దాని పక్కన మబ్బు బొమ్మ, తుఫాను కబుర్లు. కళ్ళు మూసుకుని నొక్కేవాణ్ణి. ఇప్పుడన్నీ నెత్తి మీదకెక్కి కూర్చున్నాయి.”

“అన్నీ పైనే ఉన్నాయి నాన్నా. ఏది ఏమిటో తెలుగులోనే రాసుంది కదా, చదివి నొక్కడమే. ఇదిగో, ఆటలు. ఇదిగో, ఇంటర్నెట్. ఇంత తేలిక ఇంకేముంటుంది?”

“నాకు తెలుగు అక్కర్లేదు. ఇంగ్లీషు పెట్టు.”

“నీకు ఇంగ్లీషు రాదుగా!”

“రాకపోతే రాలేదు. నా ఇష్టం. ఇంగ్లీషే పెట్టు.”

“పూర్ణా, ఇంగ్లీషు పెట్టేయకూడదూ? ఆ తెలుగు నాకూ అర్థం కాలేదే. అనువర్తనాలట. ఎవరు మాట్లాడతారే ఇంట్లో అలాగ?”

“అమ్మా, నువ్వు కూడానా? ఎవరెవరో కూర్చుని, పైసా తీసుకోకుండా, మనకోసం ఒక్కొక్క మాట తెలుగులోకి తెచ్చారు. చదువుకోడానికి మీకు బద్ధకం. అంతే.”

“ఏంటే నోరు లేస్తోంది? బద్ధకమా? తెల్లారగట్ల నాలుగింటికి లేచి చెరువు మీదకి పోయేవాడికి బద్ధకమా?”

“ఏవండీ, చిన్నపిల్ల. ఏదో అంది. మీరు మంచినీళ్ళు తాగండి.”

“నాకేం వద్దు. నాలుగింటికి మా రొయ్యల రైతుల సంఘం వాళ్ళు పాతికమంది వస్తున్నారు. కలెక్టర్ గారికి అర్జీ పంపుతున్నాం. కరెంటు పోయి చెరువులో గాలి కొట్టే ఏరియేటర్లు ఆగిపోతున్నాయి, రొయ్యలు చస్తున్నాయి. దీని పిచ్చాటలకి ఇవాళే దొరికిందా?”

“ఆ అర్జీ కోసమే పెట్టాను నాన్నా. మీ సంఘం సెక్రటరీ గోవర్ధనరావు మావయ్య పంపిన ఫైలు ఇదివరకు ఎలా కనిపించేది? ఒక్క అక్షరం లేకుండా అన్నీ డబ్బాలే. ఇప్పుడు చూడు, ముత్యాల్లా ఉన్నాయి అక్షరాలు.”

“డబ్బాలే బాగున్నాయి.”

“ఏంటి?”

“డబ్బాలుంటే గోవర్ధనరావే తన కాగితం తెచ్చుకుని చదివేవాడు. ఎప్పుడూ ఆయనే చదువుతాడు. ఆయనకది బాగుంటుంది, మనకీ బాగుంటుంది.”

“ఇవాళ ఆయన చదవరు. నువ్వే చదువుతావు. నేను ఫోన్ చేసి చెప్పాను.”

“ఏం చెప్పావు?”

“మా ఇంట్లో ఇప్పుడు తెలుగు శుభ్రంగా వస్తోంది మావయ్యా, అర్జీ నాన్నే చదివి వినిపిస్తారని. ఆయన ఎంత సంతోషించారో! ప్రెసిడెంటు గారు చదివితేనే అందం, కాగితం కూడా తేనన్నారు.”

“ఓసి నీ... ఎవరు చెయ్యమన్నారే నిన్ను ఫోను?”

“ఏవండీ! చెయ్యి దించండి. దించండి ముందు. పూర్ణా, నువ్వు లోపలికి వెళ్ళు.”

“వెళ్ళను. కొట్టనీ. ఏం తప్పు చేశానని కొడతాడు? సంఘానికి ప్రెసిడెంటు అయిన ఆర్నెల్ల నుంచీ ప్రతిదీ ఆ మావయ్యే చదువుతున్నారు. ఊళ్ళో ఏమనుకుంటున్నారో తెలుసా? ప్రెసిడెంటు ఈయన, పెత్తనం ఆయనది అంటున్నారు. నాకు మండిపోతోంది వింటుంటే. మా నాన్న కూడా చదవగలడని చూపిద్దామనుకున్నాను.”

“పూర్ణా, నేను చదువుతాలేవే. నాన్నకి గొంతు బాగాలేదు.”

“గొంతు బాగాలేకేనా ఇంటి కప్పెగిరిపోయేలా అరుస్తున్నాడు?”

“కళ్ళు మండుతున్నాయి కూడానే. ఎండలో తిరిగి తిరిగి...”

“ఎప్పుడూ ఇంతేనమ్మా. మొన్న కళ్ళజోడు లేదన్నాడు. దాని ముందు వేలికి దెబ్బన్నాడు. హాస్టల్లో చేరిన ఏడాది వారానికో ఉత్తరం రాశాను. ఒక్కదానికి, ఒక్కదానికైనా రాశాడా నాన్న? నా ఉత్తరం విప్పాడా అసలు?”

“అలా అనకు. ప్రతి ఉత్తరం రెండేసిసార్లు చదివించు... చదివేవారు. దాచుకున్నారు కూడాను.”

“మరి రాయడానికేం? బాగున్నానమ్మా, అని రెండు మాటలు! ఆ రెండు మాటలకి ఎన్ని రోజులు చూశానో నీకు తెలీదు. నేనంటే లెక్కలేదు నాన్నకి.”

“నోర్ముయ్యి పూర్ణా! నువ్వంటే లెక్కలేదా? లెక్కలేకే చదివిస్తున్నానా?”

“అయితే కూర్చో. ఈ ఒక్క వరస చదువు. పెద్ద అక్షరాలు చేశాను, చూడు. ఇది చదివేస్తే ఇప్పుడే లినక్స్ తీసేస్తాను. మళ్ళీ ముట్టుకోను. ఒట్టు.”

“ఊరుకోవే! నీకు దణ్ణం పెడతాను, ఊరుకో.”

“నువ్వెందుకమ్మా ఏడుస్తావు? ఒక్క వరస చదవమంటే ఏడుపెందుకు?”

“కనకదుర్గా, బయట బళ్ళు ఆగినట్టున్నాయి. వాళ్ళని పందిట్లోనే కూర్చోబెట్టు. మజ్జిగియ్యి. నాకు జ్వరమని చెప్పు.”

“ఏ జ్వరం నాన్నా? పొద్దున్నుంచీ బానే ఉన్నావుగా! నువ్వు దాక్కుంటే నేనే వెళ్ళి తీసుకొస్తాను లోపలికి. ఇంగ్లీషు రాదని సిగ్గుపడేవాళ్ళని చూశాను గానీ, తెలుగులో ఉందని సిగ్గుపడేవాణ్ణి నిన్నే చూస్తున్నాను.”

“ఆగు. ఆగవే. తలుపు తియ్యకు.”

“ఎందుకు తియ్యకూడదు?”

“ఇంగ్లీషు రాదంటే ఎవడూ నవ్వడు, డబ్బాలొస్తున్నాయంటే ఎవడూ అడగడు. బడి మొహం చూడకుండానే ఎనిమిదో ఏట చేపల పడవెక్కించారు నన్ను. సంతకం ఒక్కటీ మీ అమ్మ నేర్పింది. నాకు తెలుగూ చదవడం రాదు. ఆ పాతికమందికీ ఏం చెప్పి పంపిస్తావో పంపించు.”