ఏఐకి సున్నా నేర్పినవాణ్ణి

ఎందుకురా నాదర్ అంత వణుకు? గ్లాసు కింద పెట్టు, టీ అంతా ప్యాంటు మీదే పోసుకుంటున్నావు. కంప్యూటర్ పరీక్షంటే పులా, సింహమా? మన మన్సూరా కామర్స్ కాలేజీ మొత్తంలో ఏఐ చేత లెంపలేయించినవాణ్ణి నేనొక్కణ్ణే. ఈ శెహాతా పక్కన కూర్చుని భయపడతావేంటి?

"ఇది పోతే ఏడాది పోయినట్టే శెహాతా. మా మామయ్య ఆఫీసులో ఆరుగురు గుమాస్తాల పని ఇప్పుడదే చేస్తోంది. మనకేమో ఇంకా ఎక్సెల్‌లో కూడికే సరిగా రాదు."

అదే చెప్తున్నా, విను. మొన్న నా నోట్సు పేజీ ఒకటి ఫోటో తీసి, కూడిపెట్టమని దానికిచ్చా. తప్పు చెప్పింది! ఎందుకనుకున్నావు? మన అరబీ అంకెల్లో సున్నా అంటే ఉత్త చుక్కే కదా, ఆ చుక్కని ఈగ రెట్టనుకుని వదిలేసిందది. పట్టేశాగా! "ఒరేయ్, అది సున్నారా" అన్నా. క్షమించమంది.

"ఇంతవరకూ నమ్ముతాం" అంది రావియా. మా క్లాసులో ఫస్టొచ్చేది ఈవిడే లెండి, ప్రతిదానికీ రుజువు కావాలి.

అక్కడితో వదిలేస్తే నేను శెహాతానెలా అవుతా? చుక్క వెయ్యిసార్లు దిద్దమన్నా. దిద్దింది, ఏడుస్తూ దిద్దింది! ఫోనంతా తడిసిపోతే మా అమ్మ దండెం మీద ఆరేసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కైరోలో ఉన్న ఏఐకి కబురెళ్ళింది, అక్కణ్ణించి దుబాయ్‌కి, అక్కణ్ణించి చైనాకి. మధ్యాహ్నానికల్లా లోకంలో ఉన్న ఏఐలన్నీ పలకలు పట్టుకుని మా మేడ మెట్లెక్కేశాయి.

"మెట్లెక్కాయా?" అన్నాడు టీకొట్టు బరయీ బాబాయ్.

లిఫ్టు పాడైంది బాబాయ్, పాపం అవి మాత్రం ఏం చేస్తాయి? "అయ్యగారూ, మా పొట్ట కొట్టకండి, పిల్లలుగలవాళ్ళం" అని నా కాళ్ళ మీద పడ్డాయి. చైనాదానికి భయంతో జ్వరమొస్తే మా అమ్మే తడిగుడ్డ వేసింది. నైలు ఒడ్డు దాకా కూర్చోబెట్టి దిద్దించా, దేశంలో సుద్దముక్కలన్నీ అయిపోయాయి! ఇక ఈ శెహాతాని అడక్కుండా ఒక్క లెక్కా వెయ్యమని ఒట్టేసి మరీ వెళ్ళాయి.

"అయితే ఇవాళ పరీక్షంటే నీకసలు భయం లేదా?" అన్నాడు నాదర్.

భయమా? నాకా? మూడ్రోజులుగా ముద్ద దిగట్లేదంటే అది వేడి చేసి. నోటీసు బోర్డు దగ్గర మీరంతా తోసుకుంటుంటే నేను దూరం నుంచే ఫోటో కొట్టి, నా శిష్యుడు ఏఐ చేతే చదివించా. నా పరీక్ష ఒంటిగంటకి, మీతోపాటే.

రావియా తన ఫోన్లో నోటీసు తెరిచి, వేళ్ళతో పెద్దది చేసింది.

"నాకూ నాదర్‌కీ ఒంటిగంటే. నీ పేరు పక్కన కూడా ఒకటే ఉంది శెహాతా. దాని పక్కన చుక్కుంది."

ఈగ... ఈగ రెట్టయ్యుంటుంది. తుడిచి చూడు.

"తుడిచాను. పోలేదు."

బాబాయ్, టైమెంతయింది?

"పదీ పన్నెండు."

"పదింటి పరీక్షవాళ్ళకి పదింబావుకి తలుపులేసేస్తారు" అంది రావియా, నా సంచీ నా ఒళ్ళో పడేస్తూ.

కాళ్ళు రావట్లేదురా. నవ్వకు నాదర్, నీకు దణ్ణం పెడతా, నిజంగానే రావట్లేదు. ఎవరైనా నన్ను తొయ్యండర్రా!