గిర్నీకి పోయిన నంబరు

ఏందీ, ఆ డబ్బానా? యాడ దొరికింది బ్లెస్సీ నీకది, అటక మీదా? పారెయ్యకు బిడ్డా, ఆగు, ఇటియ్యి చూడనీ. అవ్, ఇదే. గీ లైట్లన్నీ మిణుకుమిణుకుమంటుండె అప్పుడు. ఇంటర్నెట్ ఫోను అంటరు దీన్ని. మీ నాయన శాంతికుమార్ తెచ్చి మీ నాయనమ్మ మంచం పక్కన పెట్టిండు. నువ్వప్పటికి పాలు తాగే పిల్లవు, నీకేం తెల్వదు. మా వదినె, అదే మీ నాయనమ్మ, పోయి ఇన్నేండ్లాయె, ఈ డబ్బా సంగతి నాకైతే ఇంకా సమజ్ కాలే. సగం ఫోను సంగతి సమజ్ కాలే, సగం దేవుని సంగతి. కూసో చెప్త. చాయ్ చల్లారిందా? పోనియ్, గట్లనే ఇయ్యి.

మీ నాయనమ్మ సంపూర్ణమ్మ మిషన్ దవాఖానాల ఆయమ్మగ చేసింది గదా. అడివి ఊళ్ల నుంచి కాన్పులకనీ, జరాలకనీ వచ్చేటోళ్లు. తగ్గి ఇంటికి పోయేటప్పుడు ఈమె వాళ్లను ఆపి తన ఇంటి ఫోను నంబరు నోటికి నేర్పించేది. రాసిస్తే చదవలేరు గదా, అందుకని నంబరుకు ఒక రాగం కట్టి పాడించేది. "భయమైతే ఫోను చెయ్యి తల్లీ, ప్రార్థన చేస్త" అనేది. వాళ్లు ఊరికి పోయి పక్కింటోళ్లకు నేర్పిరి, వాళ్లు ఇంకొకళ్లకు నేర్పిరి. రోడ్డు మీద చాయ్ హోటల్ కాడ రూపాయి ఏస్తే మాట్లాడే కాయిన్ బాక్సు ఫోను ఉంటుండె చూడు, చూసి ఉండవులే నువ్వు. ఆడికొచ్చి వీళ్లు పాడుతుంటే హోటలాయన బటన్లు నొక్కేటోడు. హలో లేదు, పేరు లేదు. "అమ్మా, మా పిలగానికి జరం" అనేటోళ్లు, అంతే. ఈమె కండ్లు మూసుకొని మొదలుపెట్టేది. రూపాయి అయిపోయేలోపట ఆమెన్ అనాలె. మా పాస్టరుగారయితే దండిగ చిల్లర పట్టేది, పరలోకం కాడ మొదలుపెట్టి మన ఇంటి గడప కాడికి వచ్చేసరికే ఫోను కట్టయితది. వదినె మాత్రం టకటకా, మొత్తం రూపాయిల ముగించేది. దవాఖానా ఉద్యోగం అయిపోయినా ఈ ఉద్యోగం అయిపోలే. అన్నం కాడ కూసున్నా మోగితే లేస్తది.

ఆ ఫోన్లు చేసేటోళ్లల్ల కొండమ్మ అని ఒకామె ఉండె. ఏ ఊరో తెల్వదు, మొఖం ఎట్లుంటదో తెల్వదు, గొంతే తెలుసు. సంతకొచ్చినప్పుడల్లా చేసేది. కోడలికి రెండు కాన్పులు పోయినయ్, మళ్ల నీళ్లోసుకుంది, ఈ బిడ్డన్న నిలవాలెనని ఆమె బాధ. కొండమ్మ మన చర్చి మనిషి కాదు. వాళ్ల దేవతకు కోడిని మొక్కుకొని, మళ్ల ఇటు కూడా ఒక రూపాయి ఏసేది. నేను నవ్విన, "ఏంది వదినా, అటూ ఇటూ రెండు దిక్కులా?" అని. "నీకు జరమొస్తే రెండు రకాల గోలీలు మింగుతవు గదా జోజీ, ఏది పని చేసిందని అడుగుతవా?" అన్నది. గట్లుండేది మా వదినె. నవ్వుకుంట నోరు మూపిచ్చేది.

మరి మీ నాయన. వాడప్పుడు మణుగూరు బస్టాండు కాడ ఇంటర్నెట్ సెంటర్ పెట్టిండు, వాడికి లోకమంతా కంప్యూటర్ల నుంచే కనపడుతుండె. వాన పడితే చాలు మన ఇంటి ఫోను గరగరమనేది. అమ్మ పెన్షన్ల నుంచి బిల్లు కడుతున్నదని వాడికి మనసున పట్టకపాయె. మంచికే చేసిండు, నేను కాదన. "అమ్మా, లైను పీకేపిస్త, నెట్ మీద ఫోను పెడ్త, పక్కన కూసొని మాట్లాడినట్టు ఉంటది" అన్నడు. వదినె అడిగింది ఒక్కటే, "నంబరు ఇదే ఉంటదా?" అని. "కొత్తదొస్తదమ్మా, అందరికీ చెప్తే సరి" అన్నడు. అందరంటే ఎవరు? వదినెకే తెల్వదాయె వాళ్లెవరో! సరే, లైను పీకిండ్రు, డబ్బా పెట్టిండ్రు. నంబరు చూస్తే ఇంత పొడుగు, ఏదో దేశం నంబరంట. ఫోనేమో మణుగూరుల, నంబరేమో సముద్రం అవుతల. అదెట్లరా అంటే, "బాబాయ్, ఇప్పుడు నంబరుకు ఊరుండదు" అంటడు. ఊరు లేని నంబరేందిరా? నీకేమన్న సమజ్ అయిందా? చూసినవా, నీకూ నవ్వొస్తున్నది. మన దగ్గరి నుంచి చేస్తే పోతది, మనకు చెయ్యాలంటే కాయిన్ బాక్సుల పడనే పడదు.

ఇగ చూడు, ఇంట్ల చప్పుడు లేదు. వదినె డబ్బా పక్కన కుర్చీ ఏసుకొని కూసునేది. "లైట్లు వెలుగుతున్నయ్, మోగదేంది జోజీ?" అనేది. ఎప్పుడన్న మోగితే ఎవడో ఇంగ్లీషుల ఏదో అమ్ముతుండె. కరెంటు పోతే అదీ లేదు. "కొండమ్మ కోడలికి నెలలు నిండొచ్చినయ్, నేను ఫోను ఎత్తుతలేనని ఏమనుకుంటున్నదో" అని అన్నం సరిగ తినకపాయె. నేనూ ఆమె కలిసి రోడ్డు మీద హోటళ్లన్నీ తిరిగి కొండమ్మ ఎవరు, కొండమ్మ ఎవరని అడిగినం. ఊరికి నలుగురు కొండమ్మలుంటరు, ఎవరని చెప్తరు? మీ నాయన మొఖం మాడిపోయింది. పాత నంబరు మళ్ల అడగనీకి పోతే, అది వేరేటోళ్లకు ఇచ్చేసినం అన్నరంట. నంబరు కూడా కిరాయిల్లు లెక్కనే, మనం ఖాళీ చేస్తే ఇంకొకళ్లు దిగుతరని నాకు అప్పటిదాక తెల్వదు.

ఒకరోజు పొద్దున్నే వదినె మా ఇంటికొచ్చింది. మా ఇంట్ల పాత ఫోను ఉండె గదా. "జోజీ, నా నంబరుకు నేనే ఫోను చేస్త" అన్నది. తల పని చేస్తలేదా ఏంది ఈమెకు అనుకున్న. చేసింది. అవుతల ఏదో మిషిను చప్పుడు దడదడమని, టక్కున ఆగింది. మొగాయన గొంతు, "ఆఁ, చెప్పమ్మా, ఎవరికి బాగలేదు?" అని. వదినె ఫోను పెట్టేసింది. మొఖం చూడాలె బిడ్డా. కోపమా, భయమా నాకర్థం కాలే. నేను మళ్ల చేసి యాడ, ఎవరు అని అడిగితే తేలింది, పిండి గిర్ని నడిపే చెంచురామయ్య అంట. అప్పుడే ఆటో మాట్లాడుకొని పోయినం.

పెద్ద మనిషి. నిలువు నామం, కనుబొమ్మల నిండా పిండి. వదినె సంగతి చెప్పంగనే అంతెత్తు లేచిండు. "మీదేనా తల్లీ ఈ నంబరు? నా ప్రాణం తోడేస్తున్నరు గదమ్మా! మిర్చి పట్టాలా, పసుపు పట్టాలా అని అడుగుతరని ఫోను పెట్టుకుంటే, అమ్మా కడుపునొప్పి, అమ్మా పాము కరిచిందని! రాంగ్ నంబరంటే ఏందో వాళ్లకు తెల్వదు, మళ్ల రూపాయి ఏసి మళ్ల చేస్తరు. ఒకామె ఏడుస్తది, అమ్మగారు మా మీద అలిగిందా అయ్యా, మేమేం తప్పు చేసినం అని. నేనేమనాలె? అమ్మ అలగలేదు తల్లీ, అమ్మకు గొంతు పోయింది, నన్ను చెప్పమన్నదని అనేసిన. నాకు మీ ప్రార్థనలు రావు. మా రామయ్యకే చెప్పుకున్న." గింతసేపు అరిచిన మనిషి అది చెప్పేటప్పుడు తల దించిండు. "తప్పయితే మన్నించున్రి, నంబరు మీరే తీస్కోన్రి, రేపే రాసిస్త" అన్నడు. నాకేమో గడబిడ. వాళ్లడిగింది మన ప్రభువును, ఈయన చెప్పింది రాములవారికి, అది యాడికి చేరినట్టు? వదినె అదేం అడగలే. "కొండమ్మ చేసిందా?" అన్నది. "చేస్తనే ఉన్నది, కోడలు సంగతి గదా" అన్నడాయన.

మాటల్ల ఉండంగనే మోగింది. ఆయన ఉరికి బెల్టు ఆపి, ఫోను ఎత్తకుండ, "మీరే తీస్కోన్రమ్మా" అన్నడు. వదినె చెయ్యి కొంగుకు తుడుసుకొని ఎత్తింది. "చెప్పు తల్లీ" అన్నది. నేను పక్కనే ఉన్న, కాయిన్ బాక్సుల అరిచేటోళ్ల మాట బయటికే వినొస్తది. "ఎవరమ్మా నువ్వు? అయ్యకియ్యి, నేను కొండమ్మను" అంటున్నది. వదినె మొఖం వెలిగిపోయింది. "కొండమ్మా, నేనే, సంపూర్ణమ్మను" అన్నది. అవుతల ఆమెకు కోపమొచ్చింది. "అమ్మకు గొంతు పోయింది గదా, ఎవరు నువ్వు పరాశికాలు ఆడుతున్నవ్? కోడలికి నొప్పులొస్తున్నయ్, రూపాయి అయిపోతది, అయ్యకియ్యి జల్దీ!"

వదినె ఫోను ఆయన చేతుల పెట్టింది. ఆయన తీసుకొని, కండ్లు మూసి రామా అన్నడు. ఈమె ఆ పిండిల మోకాళ్లేసి, కొంగు తలమీద కప్పుకుంది, పెదవులు కదులుతున్నయ్. ఇద్దరి ప్రార్థనా ఆ ఒక్క రూపాయిలనే అయిపోయింది.

కొండమ్మ కోడలి బిడ్డ బతికింది, ఆడపిల్ల. చెంచురామయ్యే వచ్చి చెప్పిపోయిండు ఆ తర్వాత. నంబరు మాత్రం వదినె తిరిగి తీసుకోలే. "ఇప్పుడు నేనొచ్చి నిజం చెప్తే, ఇన్నాళ్ల ప్రార్థన ఉత్తదేనా అని వాళ్లకు భయమైతది జోజీ, ఉండనియ్" అన్నది. మీ నాయనను కూడా ఏం అనలే ఎన్నడు. కానీ ఆరోజు గిర్ని నుంచి వచ్చేటప్పుడు, ఆటోల, చీరెకు పిండి దులుపుకుంట, చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది నన్ను. "జోజీ, మరి ఇప్పుడు నేను కొండమ్మకు ఏమైత?" అని.

నువ్వయితే ఏమని చెప్తుంటివి బిడ్డా?



మబ్బు పట్టింది చూడు. లే, బయట మిరపకాయలున్నయ్, జల్దీ లోపలెయ్యి.