ఎనిమిది దినాల ఏనుగు

ఏదీ, ఫోను ఇటు తే. ఆగు, అద్దాలు పెట్టుకోనియ్యి. ఆఁ, ఇగ చూపియ్యి. ఓర్నీ! ఏడు గుర్రాలా! అయ్యో అయ్యో... లేదు బిడ్డా, నిన్ను చూసి నవ్వుతలేను, నన్ను చూసి నేనే నవ్వుకుంటున్న. కడుపుల నొప్పి లేస్తాంది, జర మంచినీళ్ళు అందియ్యి. గివే గుర్రాలు పిల్లా! గిట్లనే ఎనుక సూర్యుడు, కాళ్ళ కింద నీళ్ళు, ఏడుకు ఏడు తెల్లయే. బంగారు రంగు ఫ్రేము గట్టిచ్చి, అహేరి కెల్లి బస్సుల ఒళ్ళె పెట్టుకొని తెచ్చిన. ఇంట్ల ఉంటె కలిసస్తదని దుకాణపాయన చెప్పిండు. నీకు ఫోను చెప్పింది, గంతే తేడా. కొత్తిల్లు కట్టుకున్న, హాల్ల గోడ బోసిగున్నది, ఏ బొమ్మ పెట్టాల్నో చెప్పు చిన్నతాతా అని అడిగితివి గదా. గా మాట అడగాల్సింది నన్ను గాదు ప్రణాలీ, మీ నాయినమ్మను. మా తిరుపతమ్మ వదినె ఉండాలె ఇప్పుడు! నీ చేతులకెల్లి ఫోను గుంజుకొని పిండి డబ్బల పడేస్తుండె. ఆమె పోయి పదిహేనేండ్లాయె. నువ్వు అప్పుడు చంద్రపూర్ల రెండు జడలేసుకొని, పుస్తకాల సంచి ఏసుకొని శాళకు పోతుంటివి, నీకేం యాదికుంటది.

ఊరంత ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటరు సూడు, ఆమెను చూసే అని ఉంటరు. ఆమె పుట్టింటోళ్ళు ఎడ్ల పారకం, మంచి చెడ్డ పట్టుడు తెలిసినోళ్ళు. మా అన్న, మీ తాత గణపతి, పేరుకు ఎడ్లు కొనవోతుండె గని కొనేది ఆమెనే. ఆయన దళారి జోగయ్యతోని బీడీ తాగుకుంట ముచ్చట్లు పెడ్తుంటె, ఈమె ఎద్దు పండ్లు చూసి, మెడ చూసి, ఎనుకకు పోయి నడక చూస్తుండె. చూసినా గూడ అప్పుడే కొనేది గాదు. మనింటి కాయిదా వేరే ఉండె. ఎద్దును ఇంటికి తోలుకచ్చుడు, ఎనిమిది దినాలు కట్టేసుడు, మేపుడు, దున్నుడు. మంచిగ పనికెక్కిందా, ఉంచుకునుడు. లేదా, మల్ల తోలుకపోయి ఎవలిది వాళ్ళకు అప్పజెప్పుడు. "అంగట్ల ఒక పూట చూస్తె ప్రతి ఎద్దూ మంచిదే మరిదీ. ఎనిమిది దినాలు నటించుడు మనిషితోని అయితదేమో గని, ఎద్దుతోని కాదు" అంటుండె. గా మాటకు జోగయ్య మొఖం మాడిపోతుండె. ఆయనకు ఇయ్యాల బేరం గావాలె, ఈమె ఎనిమిదో దినం దాక తేల్చదు. పాపం, మంచోడే జోగయ్య. చాయ్‌ల చక్కెర మీద చక్కెర ఏసుకుంటుండె, ఆఖరుకు పండ్లన్నీ పోయినయి. సరే, ఆయన ముచ్చట మల్ల.

మా ముంగటి అర్రకు స్లాబు పడ్డ సంవత్సరం ముచ్చట ఇది. నీ తీర్గనే కొత్త గోడ, బోసి గోడ. నేను గుర్రాలు తెచ్చి మొల కొట్టి తగిలిచ్చిన. వదినె ఒకసారి చూసి పొయ్యి కాడికి పోయింది. ఇగ అదే వారం ఎద్దు కోసం చామోర్షి అంగడికి పోయినం, అన్న, వదినె, నేను, జోగయ్య. ఎడ్లు కట్టేసిన కాడ చూసుకుంట చూసుకుంట కడకు పోతె, తాళ్ళు, గంటలు అమ్మే దుకాణం పక్కకు ఒక పిల్ల కూసున్నది. ఇరవై ఏండ్లుంటయేమో. కమలాపూర్ల ఏనుగుల క్యాంపు లేదా, ఆడ ఏనుగులకు మేత కోసేటాయన బిడ్డె. పేరు జంగుబాయి. శాళల డ్రాయింగ్ మాస్తరు ఎన్నడో "పోరీ, నీ చెయ్యి మంచిగున్నది" అన్నడట. గా ఒక్క మాట పట్టుకొని ఆరు బొమ్మలు ఏసుకొని బస్సెక్కి అచ్చింది. దేని మీద ఏసింది అనుకుంటున్నవ్? ఫ్లెక్సు బ్యానర్ల మీద! ఎవనిదో బర్త్‌డే అయిపోయినంక పారేస్తరు గదా, వాటి ఎనుక దిక్కు తెల్లగుంటది, దాని మీద ఏసింది. పొద్దటి సంది ఒక్కటి పోలే. ఎడ్ల అంగట్ల బొమ్మలు కొనేటోడెవడు? ఒకడైతె అచ్చి, గుంజి చూసి, "గడ్డివాము మీద కప్పితె వానకు ఆగుతదా?" అని అడిగిండు. ఆ పిల్ల మొఖం చూడాలె నువ్వు! నవ్వాల్నా ఏడ్వాల్నా తెలుస్తలేదు. ఒక్క బొమ్మ గూడ పోకపోతె రేపటి సంది రంగులు పక్కకు పెట్టి మిరపతోటలకు కూలికి పోత అని తల్లికి మాటిచ్చి అచ్చిందట. అది మాకు తర్వాత తెలిసింది.

ఆరిట్ల ఒకటి ఏనుగు. అన్నీ ఏనుగులే అనుకో, గని ఇది ఎనుక కెల్లి. నవ్వకు! తలకాయ లేదు, తొండం లేదు. ఇంత పెద్ద పిర్రలు, నడుమ తోక, అటు ఇటు చెవుల అంచులు. గంతే. మా అన్న అయితె నెత్తి కొట్టుకున్నడు, "థూ, ముడ్డి బొమ్మా!" అని. మీ నాయినమ్మ మాత్రం దాని ముంగట గొంతుక్కూసున్నది. లేస్తలేదు. "బిడ్డా, ఎనుక కెల్లి ఎందుకేసినవ్?" అన్నది. ఆ పిల్లకు గోండీ, మరాఠీ మస్తుగ అస్తయి, తెలుగు జర జర. "నేను దినాము దాని ఎనుకనే నడుస్త అక్కా. మొఖం నాకు అంత ఎరుకలేదు" అన్నది. ఓహో, ఆ మాటకు వదినె తొడ మీద కొట్టుకున్నది. "చూసినవా మరిదీ! ఎరుకున్నదే ఏసింది, ఎరుకలేంది ఏయలే. నువ్వు తెచ్చిన గుర్రాల బొమ్మ ఏసినోడు గుర్రాన్ని చూసిండంటవా?" అని నా దిక్కు తిరిగింది. నేను గూడ గుర్రాన్ని బరాత్‌లనే చూసిన.

ఇగ అక్కడ మొదలుపెట్టింది తన కాయిదా. "దీన్ని తోలుకపోయి ఎనిమిది దినాలు మా ఇంట్ల కట్టేసి చూస్త. నా కన్ను నిలవడ్డదా, నాది. లేదా, వచ్చే అంగడికి తెచ్చి నీ చేతుల పెడ్త" అన్నది. పిల్ల పరేషాన్ అయిపోయింది. "ఆఠ్ దివస్? ఎనిమిది దినాలా?" అంటది, మా నలుగురి మొఖాలు చూస్తది. ఊరికెనే ఎత్తుకపోతరేమో అని భయం గదా. అది గమనించి మీ నాయినమ్మ చేతి వెండికడెం తీసి ఆ పిల్ల ఒళ్ళె ఏసింది. పెండ్లికి పెట్టిన కడెం! అన్నకు బీడీ చేతులనే కాలిపోయింది. జోగయ్య అయితె, "గణపన్నా, ఎద్దు కొనవస్తిరి, ఏనుగు తోలుకపోతున్నరు" అని జీపుల మన సిరొంచకు చేరేదాక నవ్విండు.

ఇంట్ల గుర్రాలకు ఎదురు గోడకు ఏనుగును కట్టేసినం. ఇగ చూడు నా సామిరంగా! పక్కింటి యాదక్క అచ్చి ముక్కు మీద వేలేసుకున్నది. "ఓ తిరుపతమ్మా, ఇంటికచ్చినోళ్ళకు ఏనుగు పిర్రలు చూపెడ్తవా, సిగ్గు లేదా?" ఈమె ఊకుంటదా, "నీ మొఖం చూసి చూసి ఇసుగు లేసింది యాదక్కా, అందుకే" అన్నది. ఒకనాడు గాలిదుమారం అచ్చి ఫ్లెక్సు తిరగబడ్డది, చూస్తె ఎవడో లీడరు దండం పెట్టుకుంట, జన్మదిన శుభేచ్ఛా అని! పాపం ఆయనకు ఏండ్లకు ఏండ్లు మా గోడకే దండం పెట్టుడు రాసిపెట్టుండె. గని ఒక ముచ్చట చెప్త విను. గుర్రాల దిక్కు చూసినోళ్ళు "మంచిగున్నయి" అంటుండ్రి, కూసుంటుండ్రి, అయిపాయె. ఏనుగు దిక్కు చూసినోళ్ళు లొల్లి పెట్టుకుంటుండ్రి. ఇది ఏడికి పోతాంది? నీళ్ళకు పోతాంది అని ఒకడు, కాదు, కట్టెలు మొయ్యవోతాంది అని ఇంకొకడు. యాదక్క గూడ తిడ్తనే దినాము అచ్చి చూసి తిడ్తుండె. ఐదో దినం జోగయ్య అచ్చిండు. నిలవడి, చాయ్ చల్లగయ్యేదాక చూసిండు. "వదినమ్మా, దీని ఎనుక కుడికాలుల లోపమున్నది. ఇది కుంటుతాంది" అన్నడు. మేమంత పక్కున నవ్వినం. బొమ్మకు కుంటేంది జోగయ్యా! "నలభై ఏండ్ల సంది పసుల కాళ్ళు చూస్తున్న, నాకు చెప్పకుండ్రి" అని కోపంతోని చాయ్ తాగకుండ పోయిండు.

ఎనిమిదో దినం పొద్దుగాల లేస్తె రెండు గోడలు బోసిగున్నయి. రెంటినీ తీసి లోపల పెట్టింది. నేను పండ్లపుల్ల ఏసుకొని నిలవడ్డ. "మరిదీ, నీ గుర్రాలల్ల ముంగట ఉరికేది ఎడమ దిక్కుదా, నడుమదా?" అన్నది. నాకు యాదికి రాదు! "నడుమ... కాదు, కుడి..." అంటున్న. "సరే, వాటి ఎనుక గుట్టలున్నయా, లేవా?" అన్నది. నేనే కొన్న, నేనే ఒళ్ళె పెట్టుకొని తెచ్చిన, నాకు ఎరుకలేదు. "ఇగ ఏనుగు సంగతి చెప్పు" అన్నది. నోట్లెకెల్లి పుల్ల తీసి మొదలువెట్టిన బిడ్డా, ఆగితినా! తోక చివరకు ఎంటికలు ఒక దిక్కే ఉన్నయి, ఎడమ కాలుకు గొలుసు రాసుకున్న మచ్చ ఉన్నది, చెవి అంచు జర చినిగింది, దారిల పెండ పడ్డది, తెల్ల కొంగ ఒకటి ఎంబడి పోతాంది, కింద అంచుకు రెండు బొటనవేళ్ళున్నయి, అవి జంగుబాయి కాళ్ళయి, గని ముంగట నిలవడితె నా కాళ్ళే అనిపిస్తది వదినె... అని అన్న. అని, పుల్ల మల్ల నోట్లె పెట్టుకున్న. అన్న నవ్వుతాండు, మా ఆమె నవ్వుతాంది, వదినె అయితె గడప మీద కూలవడి కండ్లల్ల నీళ్ళచ్చేదాక నవ్వింది. నా గుర్రాలను నేనే ఓడగొట్టుకున్న. అవి తర్వాత పిండిగిర్ని ఆయనకు ఇచ్చినం, ఆయనకు ఏమన్న కలిసచ్చిందో లేదో మరి.

వచ్చే అంగడికి పోతె ఆ పిల్ల పొద్దటి సంది అదే జాగల నిలవడి ఉన్నది, కడెం కొంగుకు ముడేసుకొని. మా చేతులల్ల బొమ్మ లేదని చూసింది. నమ్ముతలేదు. "నీ ఏనుగు మా ఇంట్ల మేతకు అలవాటు పడ్డది బిడ్డా" అన్నది వదినె. అప్పుడు ఏడ్సింది పిల్ల, నవ్వుకుంట ఏడ్సింది. జోగయ్య నడుమల దూరి, "ముందుగాల ఇది చెప్పు, దాని కుడికాలుకు ఏమైంది?" అన్నడు. పిల్ల తెల్లబోయింది. ముసలి ఏనుగు గదా, వానకాలంల ముల్లు దిగి కుంటిందట, ఆ దినాలల్లనే ఏసిందట. నీకెవలు చెప్పిండ్రు కాకా అంటది! జోగయ్య కాలర్ ఎగరేసిన తీరు చూడాలె, ఆ దినం అంగట్ల ఎవనికీ అందలే. కడెం మాత్రం వాపస్ తీస్కోలే మీ నాయినమ్మ. అన్న అడిగితె, "ఏనుగు మనదైనంక కడెం ఆమెదే గదా" అన్నది. జంగుబాయి మిరపతోటకు పోలే. ఇప్పుడు ఏటపల్లి దిక్కు శాళల గోడలకు రంగులేస్తాంది, పట్నం కెల్లి గూడ అచ్చి బొమ్మలు కొంటున్నరట. అందరు కొన్నంక కొనుడు పెద్ద ముచ్చట గాదు బిడ్డా. గడ్డివాము మీద కప్పుతందుకు అడిగిన దినం కొన్నది సూడు, అది మా వదినె!

ఏనుగు ఏదంటవా? గదే... గదే చెప్దామని. లోపలి అర్రల ఉన్నది. ఇల్లు పంచుకున్ననాడు మీ బాపు బీరువా తీస్కపోయిండు, ఫ్రిజ్జు తీస్కపోయిండు, దీని మాట ఎత్తలే. నేను తేలు కుట్టిన దొంగ లెక్క చప్పుడు చేయలే. నిజం చెప్పాలంటె, వదినె పోయే ముందు నాతోని ఒక మాట అన్నది. "మరిదీ, మనోళ్ళల్ల ఎవలన్న ఇంట్లకు బొమ్మ గావాలని నిన్ను అడుగుతె, దీన్ని ఎనిమిది దినాలకు ఇయ్యి. వాళ్ళ కన్ను నిలవడితె వాళ్ళది. ఇయ్యకపోతివా, ఏనుగు ఎనుకకు తిరిగి నిన్ను చూస్తది" అన్నది. గంత బాధల గూడ నవ్వుకుంట అన్నది. పదిహేనేండ్ల సంది ఒక్కరు అడగలే పిల్లా! టైల్సు అడిగిండ్రు, ఫ్యాన్లు అడిగిండ్రు, టీవీ ఎంతదని అడిగిండ్రు. నేను దినాము పొద్దుగాల లేచి దాన్ని చూసి, "ఇంక తిరగలే, హమ్మయ్య" అనుకుంట ముఖం కడుక్కుంటున్న. ఇయ్యాల నువ్వచ్చినవ్, బొమ్మ అన్నవ్.

రా లోపలికి. జర స్టూలు పట్టుకో, నేనే దించుత, నువ్వు ముట్టకు. మెల్లగ... ఇగో, లీడరుకు దండం పెట్టు. చూడు, కింద అంచుకు వేళ్ళు కనవడ్డయా? ఆఁ, చుట్ట చుట్టు, గట్ల గాదు, రంగు లోపలికి రావాలె. తీస్కపో. ఎనిమిది దినాలు లెక్కపెట్టుకో, తొమ్మిదో దినం పొద్దుగాల నేను మీ ఇంట్ల ఉంట. గుర్రాలు మాత్రం కొనకు. గని బిడ్డా, చిన్నతాత మాట ఒక్కటి విను. ఈ ఎనిమిది దినాలు మంచిగ టీవీ చూసుకో, ఫోను చూసుకో, ఎవలన్న దోస్తులను పిలుచుకో. దీని దిక్కు చూడకు. జర చూడకు పిల్లా.

ఆఁ? ఏం లేదు, కంట్ల నలక పడ్డది. నడువు, అహేరి బస్సస్తది.