రెండోచుక్క మేడమ్‌కు వీడ్కోలు

పంతొమ్మిది వందల తొంభై రెండు జూలై ఆరున ఇప్పుడు పదవీ విరమణ చేస్తున్న మా సహోద్యోగిని ఈ పరిశోధన సంస్థలో చేరారు. ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో మిగిలింది ఎండిన బ్రెడ్డు, ఒక ఉడికిన గుడ్డు. పక్క గదిలో పరికరాలు బాగుచేసే నాకు గుడ్డులో సగం పెట్టి, "మొహమాటపడితే ఇక్కడ పస్తే, అన్నయ్యా" అన్నారు.

తొలి పదేళ్లు సూక్ష్మజీవుల పెంపకంలో గడిపి, ఆపైన వైరస్‌తో పనిచేసే విద్యుత్ పరీక్షా పరికరాన్ని చేపట్టారు. మనుషులకు హాని చేయని వైరస్‌ను సన్నని బంగారు రేకుపై పొరగా పరచి, దానిమీద మూత్రపు చుక్క వేస్తారు. మూత్రాశయ క్యాన్సర్‌ను సూచించే ప్రోటీన్ అందులో ఉంటే వైరస్‌కు అంటుకుంటుంది, తెరపై అంకె పెరుగుతుంది. కదలకపోతే జబ్బు లేదన్నమాట. వారు మాత్రం 'లేదు' అని వచ్చినప్పుడల్లా అదే రేకుపై ఆ ప్రోటీన్ కలిపిన రెండో చుక్క వేసి, అంకె పెరిగితేనే మొదటి జవాబును నమ్మేవారు. అందుకే మేమంతా "రెండోచుక్క మేడమ్" అని ఆటపట్టించేవాళ్లం.

నా భార్యకు మూత్రంలో రక్తం కనబడినప్పుడు, ఆసుపత్రికి రానని మొండికేసి, ఆ పరికరంతోనే చూడమంది. అంకె కదలలేదు.

"మీ అన్నయ్యకంటే మీ వైరస్సే నయం. నాన్చకుండా తేల్చేసింది" అంటూ నా భార్య సంచి అందుకుంది.

"ఉండు వదినా. దాని మాట నేనింకా నమ్మలేదు."

రెండో చుక్క వేశారు. అప్పుడూ కదలలేదు. వైరస్ పొర ఎప్పుడో ఊడిపోయింది. మాకు ధైర్యం చెప్పింది ఒట్టి రేకు.

"అయితే ఇప్పుడేమంటావు?"

"నాకేం తెలీదంటాను. పద, ఆసుపత్రికి పోదాం. నేనూ వస్తా."

జబ్బు బయటపడింది, అప్పటికే ముదిరింది. అయినా చికిత్స మాకు మరికొన్నేళ్లు మిగిల్చింది. ఆ ఏళ్లను నేటికీ వారిచ్చినవిగానే తలుస్తాను.

ఆ పొరను నిలబెట్టడానికే వారు మిగిలిన ఉద్యోగకాలమంతా వెచ్చించారు. అది నిలవలేదు. మంచి ఫలితాలను మాత్రమే చూపమన్న పైవారికి పొర ఊడిన రేకులను కూడా చూపించి, పదోన్నతి వదులుకున్నారు. పరికరం ఏ రోగినీ చేరకముందే ఆ గదిని మూసేస్తున్నారు.

వారికి నొప్పులెరుగని మోకాళ్లు, కంటినిండా నిద్ర, పిలిస్తే పలికే మనుషులు ఉండాలని, నిండు నూరేళ్లు చల్లగా గడవాలని మనసారా కోరుకుంటున్నాను.

నిన్న సాయంత్రం మిగిలిన వైరస్ సీసాలను వారే ఆవిరిలో పెట్టి నిర్జీవం చేశారు. బాధగా ఉందా అని అడిగాను.

"ఉండదా, అన్నయ్యా? ఇక రోజూ పొద్దున లేచి ఏం చెయ్యాలో తోచడం లేదు."

ఆపై దీపం ఆర్పి, పక్క గదిలో పని చేసుకుంటున్నవారికి చప్పుడు వినబడకుండా తలుపు మెల్లగా దగ్గరకు వేశారు.